కాటిసీనుకి వన్స్‌మోర్: బెజవాడ నాటకశాలలో జాషువా

బెజవాడలో పద్యనాటకం అంటే ముందు గుర్తొచ్చేది హరిశ్చంద్ర. హరిశ్చంద్ర అంటే కాటిసీను. కాటిసీను అంటే జాషువా. ఈ మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి మన రసికుల నోళ్లు కొంచెం తడబడతాయి. చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు 'ఆఁ, అవునట' అని దాటేస్తారు. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో కానివ్వండి, గాంధీనగరం హనుమంతరాయ గ్రంథాలయంలో కానివ్వండి, తెనాలి, రేపల్లె, గుడివాడ వైపు తిరనాళ్ల పందిట్లో కానివ్వండి, హరిశ్చంద్ర ఆడుతున్నారంటే జనం పొద్దుపోయేదాకా కాచుకుని కూర్చునేది ఆ సీను కోసమే. భుజాన కర్ర పెట్టుకుని హరిశ్చంద్రుడు శ్మశానంలో అడుగుపెడతాడు. హార్మనీ సన్నగా అందుకుంటుంది. ఆలాపన సాగి సాగి పద్యం చివరికి వచ్చేసరికి చప్పట్లు, ఆ వెనకే 'వన్స్‌మోర్' కేక. నటుడు పాత్రలోంచి బయటికొచ్చి దణ్ణం పెట్టి, మళ్లీ పాత్రలోకి వెళ్లి అదే పద్యం అందుకుంటాడు. ముందు వరసలో పెద్దలు కళ్లు తుడుచుకుంటారు.

ఏ పద్యానికి వన్స్‌మోర్ పడుతోంది, ఎవరి మీద జాలితో ఆ కళ్లు తడుస్తున్నాయి అన్నదే ఇక్కడ ప్రశ్న. నాటకం మీద సమీక్షలు బోలెడు వచ్చాయి. అవన్నీ నటుడి గొంతు గురించి, శ్రుతి గురించి, ఏ రాగం ఎక్కడ అందుకున్నాడన్న దాని గురించి. ప్రేక్షకుడి గురించి రాసినవి తక్కువ. దళిత ప్రేక్షకుడి గురించి రాసినవి ఇంకా తక్కువ. ఆ హాల్లో మనం కూడా కూర్చున్నాం కదా!

ముందు లెక్క తేల్చుకుందాం. హరిశ్చంద్ర నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953). అదే కథ మీద తెలుగులో వేరే నాటకాలు వున్నా రంగస్థలం మీద నిలబడింది ఆయన నాటకమే. 'శ్మశానవాటి' అన్న ఖండిక రాసింది గుర్రం జాషువా (1895-1971). దానికీ హరిశ్చంద్రుడి కథకీ సంబంధం లేదు. అందులో రాజు లేడు, సత్యవ్రతం లేదు, విశ్వామిత్రుడి అప్పు లేదు. వున్నది శ్మశానం, అక్కడ పడుకున్న మనుషులు. ఆ పద్యాల్ని ఎత్తుకొచ్చి కాటిసీనులో పెట్టింది నటులు. గొంతున్న నటుడు పద్యం ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి తెచ్చుకోవడం మన పద్యనాటకంలో మామూలే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. డి.వి. సుబ్బారావు లాంటి నటుల గొంతులో అవి క్యాసెట్లకెక్కి ఊరూరా మోగాయి. క్రమంగా నాటకానికీ వాటికీ మధ్య అతుకు కనపడకుండా పోయింది. పేరున్న ఒక హాల్లో, పేరెందుకులెండి, ఆట అయ్యాక వరండాలో ఒక పెద్దాయన కుర్రాళ్లకి బలిజేపల్లివారి ప్రతిభ వివరిస్తుంటే నిలబడి విన్నాను. ఆయన ఉదాహరణగా చూపించిన మూడు పద్యాల్లో మూడూ జాషువావే. అక్కడ ఎవరూ దిద్దలేదు.

ఆ పెద్దాయనది తెలియనితనం. మన్నించవచ్చు. కానీ పేరు పోవడం కంటే పెద్ద నష్టం ఒకటి జరిగింది. అది పద్యం అర్థానికి జరిగిన నష్టం.

'శ్మశానవాటి'లో ఒక పద్యం వుంది. అంటరానితనం ఇక్కడ తిరగడానికి చోటు లేదని చెప్పే పద్యం. ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తోందన్నదే కీలకం. వినుకొండలో పుట్టి, అవధాన సభలో పద్యం చదివితే 'వీణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారు' అన్న మాట పడ్డ మనిషి నోట్లోంచి వస్తే ఆ పద్యం ఒక నేరారోపణ. బతికున్న చోట ఎక్కడా లేని సమానత్వం చచ్చాక పూడ్చే చోట మాత్రమే దొరికిందంటే, అది బతికున్న లోకం మీద వేసిన అభియోగం. నిజానికి ఆ శ్మశానంలో కూడా దొరకలేదన్నది కృష్ణా డెల్టాలో ఏ పల్లెని అడిగినా చెబుతుంది. వూరి వాళ్ల శ్మశానం వేరు, పల్లె వాళ్ల బొందలగడ్డ వేరు. దానికి పోయే దారి కోసం, ఆ కాస్త నేల కోసం తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగిన అర్జీలు ఎన్ని లేవు? అంచేత జాషువా అక్కడ వున్న స్థితిని వర్ణించలేదు, వుండాల్సిన స్థితిని చెప్పాడు. ఆ వెటకారం వినపడకపోతే పద్యం సగం వినపడనట్టే.

అదే పద్యం హరిశ్చంద్రుడి నోట్లో పెట్టండి. ఏమవుతుంది? ఈయన సూర్యవంశపు రాజు. చండాలుడికి అమ్ముడుపోవలసి వచ్చింది కదా అన్నదే ఈయన దుఃఖంలోకెల్లా పెద్ద దుఃఖం. ఆలి అమ్ముడుపోవడం, బిడ్డ చావడం కంటే కూడా ప్రేక్షకుడి గుండెని కోసేలా రంగస్థలం చెప్పేది ఇదే: ఎంతటివాడు ఎవడి కింద పని చేస్తున్నాడో చూడండి అని. ఒక నిమిషం కులం చెడిపోయిందని వలపోత. ఇంకో నిమిషం ఇక్కడ అంటరానితనానికి చోటు లేదని తత్వం. రెండూ ఒకే గొంతులో, ఒకే హార్మనీ మీద. ఇందులో పొసగని తనం హాల్లో ఎవరికీ కొట్టకపోవడం ఆశ్చర్యం. కొట్టదు, ఎందుకంటే రాగం ఆ రెంటినీ కలిపి 'వైరాగ్యం' చేసేస్తుంది. శ్మశాన వైరాగ్యం అని మనకి నానుడి వుండనే వుంది. అది శ్మశానం గేటు దాకానే. ఇక్కడైతే కళాక్షేత్రం గేటు దాకా. బయట స్కూటరు తీసేటప్పటికి ఎవరి కులం వారి దగ్గరికి వచ్చేస్తుంది.

ఇక వీరబాహుడి సంగతి. మన పౌరాణిక నాటకాల్లో దళితుడు యజమానిగా, రాజుని కొనగలిగే ఆస్తిపరుడిగా కనపడే పాత్ర ఇదొక్కటేనేమో. అతన్ని ఎలా తయారుచేస్తారో గమనించండి. ఒంటికి నల్లరంగు, తూలుతూ నడక, చేతిలో కల్లుముంత, బండ గొంతు. అతను రాగానే హాల్లో నవ్వు మొదలవుతుంది. కథ ప్రకారం చూస్తే అతను చేసిన పాపం ఏమిటి? సంతలో అడిగిన ధర ఇచ్చి మనిషిని కొన్నాడు, పని చెప్పాడు, కాటి సుంకం ఎలా వసూలు చెయ్యాలో నేర్పాడు. మరి చంద్రమతినీ లోహితుణ్ణీ కొన్నది ఎవరు? కాలకౌశికుడు, బ్రాహ్మణుడు. రాణి చేత అంట్లు తోమించి, పసివాణ్ణి దర్భలకి అడవికి తోలింది ఆ ఇల్లే. పాము కరిచింది ఆ పనిలోనే. శవాన్ని తల్లి చేతుల్లో పెట్టి అర్ధరాత్రి ఒంటరిగా శ్మశానానికి పంపింది కూడా ఆ ఇల్లే. పిల్లాడి ప్రాణం పోయింది బ్రాహ్మడి కొట్లో. అయినా నాటకం చూసి ఇంటికి పోయేవాడి కళ్ల ముందు భయంకరంగా మిగిలేది వీరబాహుడు. కాలకౌశికుడి ఇంటి గొడవ మాత్రం హాస్యంగా మిగులుతుంది, ముఖ్యంగా ఆయన గయ్యాళి పెళ్లాం. అదీ రంగస్థలం చేసే మాయ. నటులకీ దర్శకులకీ దీన్ని వేరేగా ఆడే వీలు లేకపోలేదు. ఎందుకు ఆడరు?

ఆఖర్న ఇంకొకటి వుంది. మార్కండేయ పురాణం ప్రకారం ఆ చండాలుడు చండాలుడే కాదు, ధర్మదేవత వేసిన వేషం. అంటే రాజు ఎప్పుడూ అంటరానివాడి కింద పనిచెయ్యనే లేదు. కత్తి పూలదండ అయినట్టే ఆ మైల కూడా మాయమైపోయింది. మనవాడు యజమాని అయిన ఒకే ఒక్క కథలో కూడా, చివరికి ఆ చర్మం కింద వున్నది దేవుడు. వర్ణవ్యవస్థకి ఇంత చక్కగా మరమ్మతు చేసిన కథ ఇంకోటి లేదు. సరిగ్గా ఆ మరమ్మతు జరిగే చోటే జాషువా పద్యాన్ని మేకు కొట్టి బిగించారు.

ఇంత వైభవంగా ఈ నాటకాన్ని పోషించిన సీమ ఎలా తయారయింది? 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. మెట్ట మాగాణి అయింది. వడ్లు డబ్బు అయ్యాయి. ఆ డబ్బుతో పిల్లలకి ఇంగ్లీషు చదువులు వచ్చాయి, ప్రెస్సులు వచ్చాయి, నాటక సమాజాలు వచ్చాయి, హాళ్లు లేచాయి. మైలవరం జమీందారుల పోషణలో నాటక సమాజం పేరు మోగిందీ, పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతీ సినిమా హాలు కట్టిందీ ఈ బెజవాడలోనే. ఈ హాళ్ల చరిత్రలు రాసేటప్పుడు దాతల పేర్లు శిలాఫలకం మీద చదివి రాస్తారు. ఆ డబ్బు పండించిన పాలేర్ల పేర్లకి ఫలకం లేదు. దుక్కి, ఊడ్పు, కోత, నూర్పు, ఇవన్నీ చేసిన మాల మాదిగలు డెల్టా సంస్కృతికి ప్రేక్షకులుగా కూడా లెక్కలోకి రాలేదు. వూళ్లో నాటకం వేస్తే పందిరి చివర, దూరంగా, గట్టు మీద కూర్చుని చూశారు.

అదే బెజవాడలో ఇంకో రకం సభ కూడా జరిగింది. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర పంచమ మహాసభ. గూడూరు రామచంద్రరావు పూనుకున్నాడు. 'పంచములు' అన్న పేరు మాకొద్దు, మేం ఈ నేలకి మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని తీర్మానించుకున్నది అక్కడే. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చరిత్రకారులు రాశారు, ప్రతినిధులు ఎక్కడ లోపలికి వస్తారోనన్న భయంతో. బెజవాడ సభల చరిత్ర, బెజవాడ వేదికల చరిత్ర అని ఎవరైనా రాస్తే మొదటి అధ్యాయం ఇది కావాలి. కానీ కళల చరిత్రలో దీనికి చోటు వుండదు. ఇది 'రాజకీయం' కదా!

హాలుకి ఒక మేలు గుణం వుందని ఒప్పుకోవాలి. టిక్కెట్టు కొన్నవాడి కులం గేటు దగ్గర అడగరు. నేల, బెంచి, కుర్చీ అని డబ్బుని బట్టి విడదీశారే గాని పేటని బట్టి కాదు. పల్లెలో రచ్చబండ మీద కూర్చోలేనివాడు పట్నంలో నాలుగణాలిచ్చి బెంచీ మీద ఎవరి పక్కనైనా కూర్చోగలిగాడు. ఇది చిన్న సంగతి కాదు. అది ఎంత పెద్ద సంగతో అగ్రకులాలకి తెలుసు. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో, వెనక సీట్లో వున్న దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో వున్న రెడ్డి యువకుడికి తగిలింది. అంతే. అక్కణ్ణుంచి మొదలైంది సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని తరిమి తరిమి నరికారు, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 56 మందికి శిక్ష వేసింది, అందులో 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, కాళ్లు ఎక్కడ పెట్టారు అన్నది కళావిమర్శకి సంబంధం లేని విషయం అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి. చుండూరులో అమరుల్ని పూడ్చిన చోటికి జనం పెట్టుకున్న పేరు రక్తక్షేత్రం. శ్మశానం మీద మనవాళ్లు రాసుకున్న పద్యం అది.

టిక్కెట్టు సంగతి అలా వుంటే, ఇప్పుడు బెజవాడ హాళ్లలో పద్యనాటకాలకీ సంగీత సభలకీ ఎక్కువగా టిక్కెట్టు లేదు. 'అందరూ ఆహ్వానితులే' అని వేస్తారు. వినడానికి బాగుంది. కానీ మొదటి రెండు వరసల్లో సోఫాలు ఎవరికో, సన్మానం శాలువాలు ఎవరికో, జ్యోతి వెలిగించేది ఎవరో కార్డు మీదే అచ్చయి వుంటుంది. టిక్కెట్టు కొన్నవాడికి హక్కు వుంది, ఆహ్వానితుడికి మొహమాటం వుంది. ఉచితంగా లోపలికొచ్చిన మన విద్యార్థి వెనక గోడకి ఆనుకుని నిలబడి చూసి, మధ్యలో లేచిపోతాడు. ఎవరూ పొమ్మనలేదు. వుండమనీ అనలేదు.

సంగీత సభల గురించి రెండు మాటలు చాలు, అది వేరే వ్యాసం. కళాక్షేత్రానికి క్షేత్రయ్య పేరు పెట్టారు, మువ్వ మన కృష్ణా జిల్లాలోదే కాబట్టి. ఆయన పదాల్ని తరతరాలుగా గొంతులో, అభినయంలో దాచి మనదాకా తెచ్చింది కళావంతుల స్త్రీలు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ల ఆటకి వేదిక లేకుండా పోయింది, వాళ్ల పాట మాత్రం గౌరవనీయమైన ఇళ్లలోకి, ఆ పైన సభల్లోకి వెళ్లింది. క్షేత్రయ్య పేరు గేటు మీద వుంది. ఆ స్త్రీల పేర్లు ఎక్కడా లేవు. పాట కావాలి, పాడినవాళ్లు అక్కర్లేదు. జాషువా విషయంలో చూసింది కూడా ఇదే పద్ధతి: పద్యం కావాలి, కవి అక్కర్లేదు.

'ఏదో నాటకం, పాత కాలంది, ఇంత రాద్ధాంతం ఎందుకు' అంటారు. వాళ్లకి 'చింతామణి' గుర్తుచెయ్యాలి. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనానికి వ్యతిరేకంగా రాసిన నాటకం. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్రని బూతుకీ వెకిలికీ దించారు. ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనని నిషేధించింది. నిషేధం సరైన మందని నేను అనుకోను. నూరేళ్ల నాటకాన్ని ఒక ఉత్తర్వుతో ఆపెయ్యడం ప్రమాదమే, రేపు మన నాటకాల మీదికే వస్తుంది. అయితే ఆ ఉత్తర్వు ఒక విషయం ఒప్పుకుంది: రంగస్థలం మీద ఒక పాత్ర ఒక కులాన్ని గాయపరచగలదు అని. మంచిది. అలాగైతే చింతామణి పాత్ర ఏ కులపు ఆడవాళ్ల మీద కట్టిందో వాళ్ల గాయం ఎవరైనా అడిగారా? వీరబాహుడు వచ్చినప్పుడల్లా, 'చండాల' అన్న మాట తిట్టుగా మైకులో మోగినప్పుడల్లా కింద కూర్చున్న మనకి ఏమవుతోందో ఎవరైనా అడిగారా? అడగరు. గాయం వుందని గుర్తించాలంటే ముందు ఆ మనిషి హాల్లో వున్నాడని గుర్తించాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇంత చెప్పాక కూడా, పల్లెల్లో హరిశ్చంద్రకి వున్న ఆదరణని కొట్టిపారెయ్యలేం. కాటిసీను పద్యాలు నోటికి వచ్చిన ముసలివాళ్లు మాలపల్లెల్లో, మాదిగ గూడాల్లో ఎంతమందో. మనిషి పోతే ఇంటి ముందు మైకు కట్టి ఆ క్యాసెట్టే వేస్తారు. ఇప్పుడు క్యాసెట్టు పోయి ఫోనొచ్చింది, పద్యం మారలేదు. క్రైస్తవ కుటుంబాల్లో కూడా అంతే, ఒక పక్క పాదిరిగారి ప్రార్థన, ఒక పక్క కాటిసీను. దీన్ని 'బ్రాహ్మణీయ భావజాల ప్రభావం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మన పని తేలికవుతుంది గాని నిజం తేలదు. మనవాళ్లు అంత తెలివితక్కువవాళ్లా?

నాకు తోచింది చెబుతాను. పల్లె వినే హరిశ్చంద్ర, హాలు వినే హరిశ్చంద్ర ఒకటి కాదు. కాటి కాపలా, తలారితనం, చావు కబురు మోయడం, శవం ముందు డప్పు, ఇవన్నీ మన తాతలు వెట్టికి చేసిన పనులు. ఆ పని మీద పాట లేదు, నాటకం లేదు. రాజు వచ్చి ఆ కర్ర పట్టుకున్నప్పుడు మొదటిసారి ఆ పని వెలుతుర్లోకి వచ్చింది. సుంకం అడగడం ఎంత కష్టమో, ఎదురుగా ఏడుస్తున్న తల్లిని డబ్బు అడగాల్సిన కొలువు ఎలాంటిదో స్టేజీ మీద కనపడింది. హాల్లో ముందు వరస రాజు ఎంత కిందికి పడ్డాడో చూసి ఏడుస్తుంది. పల్లె మాత్రం, ఈయన నాలుగు రోజులు చేసి లోకం గుండె పగిలేలా పాడుతున్న పని మా వాళ్లు పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా చేశారు కదా అనుకుంటూ వింటుంది. ఆ ఎరుక మాటల్లో బయటికి రాకపోవచ్చు. కానీ శవం దగ్గర జాషువా పద్యం వేసుకోవడంలో అది వుంది. హాలు లాక్కున్న పద్యాన్ని పల్లె, కవి పేరు తెలిసో తెలియకో, తిరిగి తెచ్చుకుని తన చావు దగ్గర పెట్టుకుంది. పరిశోధకులు ఈ శ్రవణం గురించి పని చెయ్యాలి. ఏ పల్లెలో, ఎప్పట్నుంచి, ఎవరు మొదలుపెట్టారు? ఆ పద్యం రాసింది మనవాడని ఎంతమందికి తెలుసు? తెలిసినప్పుడు వినడం మారిందా? పుస్తకాల్లో దొరికే సంగతులు కావివి.

జాషువా ఇంకో కావ్యం రాశాడు, 1941లో, 'గబ్బిలం'. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగిన గబ్బిలాన్ని పట్టుకుని, కాశీలో వున్న శివుడికి తన గోడు చెప్పిరమ్మని పంపుతాడు. హరిశ్చంద్రుడి కథ నడిచేదీ కాశీలోనే. ఒక కాశీలో రాజు అంటరానివాడి దగ్గర కొలువు చేసి, దేవతలు దిగొచ్చి, రాజ్యం తిరిగి తీసుకుంటాడు. ఇంకో కాశీకి అంటరానివాడి కబురు పోతుంది, జవాబు రాదు. మొదటి కాశీలో పాడటానికి జాషువా పద్యాలు పనికొచ్చాయి. రెండో కాశీని రాత్రంతా ఆడిన పద్యనాటక సమాజం బెజవాడలో ఎన్నిసార్లు కనపడింది? జాషువా జయంతికి, సెప్టెంబరు 28న, హాళ్లలో సభలు పెడతారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగిన కథ ప్రతి వక్తా చెబుతాడు. మంచి కథే. కానీ అందులో వక్తలకి ఇష్టమైన భాగం శాస్త్రిగారి పెద్దమనసు. ఆ కాలు అంతకుముందు ఎన్ని గుమ్మాల దగ్గర ఆగిందో ఆ పూట ఎవరూ చెప్పరు. 2024 జనవరి 19న స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. విగ్రహాలు బయట నిలబడటానికి ఎవరికీ అంత అభ్యంతరం వుండదనుకుంటా. లోపల వేదిక మీద ఏ నాటకం ఆడుతోంది అన్న దగ్గరే పేచీ.

హరిశ్చంద్ర ఆడొద్దనడం లేదు. కాటిసీను నుంచి జాషువాని తీసెయ్యమనడం అంతకన్నా లేదు, తీస్తే నాటకానికి మిగిలేదేమిటి? ఆడండి. ఆట మొదలయ్యే ముందు హార్మనీ ఎవరు, తబలా ఎవరు, మేకప్ ఎవరు, ఆఖరికి తెరలు ఎవరివి అని మైకులో చదువుతారే, ఆ వరసలో ఆ కవి పేరు కూడా చదవండి. వీరబాహుడి నల్లరంగు తుడిచి, కల్లుముంత పక్కన పెట్టి, కొనుక్కున్న మనిషికి పని నేర్పుతున్న ఒక పెద్దమనిషిగా ఒక్కసారి ఆడి చూడండి. అప్పుడు హాల్లో నవ్వు ఎక్కడ ఆగుతుందో చూద్దాం. అంటరానితనం పద్యం దగ్గరికి వచ్చినప్పుడు ఆలాపన తగ్గించి మాట స్పష్టంగా పలకండి. ఇవి నటులు చెయ్యగలిగిన పనులు. కళాక్షేత్రం మునిసిపల్ కార్పొరేషన్‌ది, అంటే ఊడ్చే కార్మికుడి పన్ను కూడా అందులో వుంది. 'గబ్బిలం' ఆడతామని వచ్చే పల్లె సమాజాలకి అద్దె లేకుండా ఏడాదికి కొన్ని రాత్రులు ఇవ్వమని అడగడం మన హక్కు.

విద్యార్థులకి ఒక పని. ఈ ఏడాది బెజవాడలోగాని, తెనాలి, బందరు, ఏలూరు వైపుగాని హరిశ్చంద్రకి వెళ్లినప్పుడు కరపత్రం దాచండి. రచయిత పేరు దగ్గర ఏం అచ్చయిందో చూడండి. జాషువా పద్యాలు ఎన్ని పాడారో, వన్స్‌మోర్ ఏ పద్యానికి పడిందో, వీరబాహుడు వచ్చినప్పుడు ఏ వరసల్లో నవ్వారో, ఏ వరసల్లో నవ్వలేదో రాసుకోండి. మీ పల్లెలో ఆ పద్యాలు ఎవరు పాడతారో వాళ్ల దగ్గర కూర్చుని వినండి. రాసినవి మాకు పంపండి, వేస్తాం.